కుట్టు మిషన్ బాగుచేసే మనిషి

కళ్ళు మూసుకోండి, నేను చెప్పేదాకా తెరవకండి అని నర్సు రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, చేతిలో ఇంత దూది పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆ మందు చేదు గొంతులోకి దిగింది. కంటికీ నోటికీ లోపలెక్కడో దారి ఉందన్నమాట, ఇంత వయసొచ్చి ఈ సంగతి తెలియకపోవడం ఏమిటి అనుకుంటూ ఆమె దూదితో చెంప తుడుచుకుంది. ఆ వెంటనే నవ్వో ఏడుపో తేలని ఒకటి పొట్టలోంచి పైకొచ్చింది, ఎందుకంటే ఇవాళ ఆమె ఈ కంటి ఆసుపత్రికి వచ్చింది కళ్ళు చూపించుకోవడానికి కాదు, ఒక మనిషి మొహం చూడటానికి. కళ్ళజోడు మార్చాలన్నది ఇంట్లో చెప్పిన సాకు. ఆ మనిషి ఏ రోజు ఏ వేళకు వస్తుందో ఆమెకు ముందే తెలుసు, అందుకే తనూ ఇదే పూటకు చీటీ రాయించుకుంది. కాస్త ముందుగా వచ్చి, తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ పట్టుకుని, వచ్చేవాళ్ళను చూస్తూ కూర్చోవాలని, అంతకంటే ఏం లేదు, ఒక్కసారి చూస్తే చాలని. కూతురు పడనిస్తేగా. చుక్కలు వేశాక ఒక్కదానివే ఎలా వస్తావని వెంటబడి వచ్చి, మా అమ్మకు కాస్త ముందు వేసెయ్యండి, నాకు మళ్ళీ షాపుకు టైమవుతుంది అని నర్సును బతిమాలి వేయించేసి, కింద ఏదో పనుంది చూసుకొస్తానని దిగిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారి కడుపున పుట్టిన బిడ్డే అయింది. ప్రేమ కొద్దీ చేసిన పనిని తిట్టుకోవడానికి కూడా లేదు. మూడేళ్ళుగా చూడాలనుకుంటున్న మొహం ఇంకాసేపట్లో ఆ తలుపులోంచి లోపలికొస్తుంది, తను మాత్రం గోడకు తల ఆనించుకుని చీకట్లో కూర్చుని ఉంటుంది. సరేలే, చీకట్లో కూర్చుని వినడం తనకేమైనా కొత్తా.

గోడలకు చెవులుంటాయని అందరూ అంటారు. ఆ చెవులకు నెలనెలా జీతం ఉంటుందని, మధ్యాహ్నం టీ ఉంటుందని, సెలవు కావాలంటే ముందుగా చెప్పుకోవాలని ఎవరూ అనరు. ఆమె అలాంటి చెవి. ఇంట్లోవాళ్ళకు తెలిసినంతవరకు ప్రభుత్వ ఆఫీసులో లెక్కల విభాగంలో టైపు కొట్టే మనిషి, నిజానికి కిటికీ అద్దాలకు నల్లరంగు పూసిన గదిలో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఎవరు ఎవరితో ఫోన్లో ఏం మాట్లాడుకున్నారో విని, రాసి, పైకి పంపే మనిషి. బల్ల కింద ఒక పెడల్ ఉంటుంది, కాలితో నొక్కితే మాట వెనక్కి వెళ్తుంది, మళ్ళీ వినొచ్చు. ఆ కాలు ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. భోజనం దగ్గర భర్త ఏదో గొణిగితే కుడికాలు దానంతటదే నేలను నొక్కుతుంది. మాట వెనక్కి రాదు. ఏమన్నారు అని అడిగితే ఏం లేదులే అంటాడు. ఆ ఏం లేదులేలో ఎంత ఉందో ఆమెకు వినపడిపోతుంది, అదీ వచ్చిన చిక్కు. అబద్ధం చెప్పబోయే ముందు మనుషులు ఒక గుటక వేస్తారు, అందరూ వేస్తారు, తెలివైనవాళ్ళు కాస్త చిన్నది వేస్తారు. సిగరెట్లు మానేశానని ఆయన చెప్పినప్పుడు వినపడింది. నువ్వంటే విసుగెందుకు అని నవ్వినప్పుడు వినపడింది. విని విననట్టు తిరగడం ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో వెట్టిచాకిరీ. కూతురైతే ఫోనొస్తే మేడమీదికి పోతుంది. ఒకసారి అడిగితే మొహం మీదే చెప్పింది, నీతో మాట్లాడుతుంటే ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నట్టు ఉంటుందమ్మా అని. ఏమీ తెలిసి అన్న మాట కాదు, పిల్లకు అలా అనిపించింది అంతే. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

ఇలాంటి బతుకులో ఆమెకు దొరికిన ఇల్లు ఒకటుంది. ఆఫీసులో దానికో నంబరు, ఆమె మనసులో అది పంతులమ్మగారిల్లు. పంతులమ్మ చిన్నపిల్లల బడిలో లెక్కలు చెబుతుంది, పెళ్ళి చేసుకోలేదు, తల్లినీ తండ్రినీ తనే చూసుకుంటుంది. చూసుకునేది, తల్లి విషయంలో. ఆ ఇంటి ఫోను మీద చెవి పెట్టింది ఆవిడ కోసం కాదు, ఆవిడ తమ్ముడి కోసం. బస్సు కార్మికుల సంఘానికి పెద్దగా ఉండేవాడు, సమ్మె చితికిపోయాక కనపడకుండా పోయాడు. అక్కకు ఎప్పుడైనా చేయకపోతాడా అని చెవి పెట్టారు. మూడేళ్ళలో ఒక్కసారీ చేయలేదు. వచ్చేదల్లా వేరే ఊళ్ళో ఉన్న మేనత్త ఫోను, ఆవిడ ఒకసారి మొదలుపెడితే చెవినిల్లు కట్టుకుని మాట్లాడుతుంది. అటక మీద పిల్లి పిల్లల్ని పెట్టిన సంగతి, బడిలో పెద్దపంతులమ్మ పెట్టే ఆరళ్ళు, అమ్మ మోకాలు, నాన్న దగ్గు, కొళాయిలో నీళ్ళు రాకపోవడం, ఎదురింటివాళ్ళు గోడ కట్టి వెలుతురు మింగేయడం. వీటిలో పైకి పంపదగ్గది ఏముంది. ప్రతి పూటా చివర పనికొచ్చేది ఏమీ లేదు అని రాసి ముగించేది. కానీ ఆ పిల్లికి ఎన్ని పిల్లలు బతికాయో తెలుసుకోవాలని మర్నాడు కాస్త ముందుగానే ఆఫీసుకు వెళ్ళేది. తన ఇంట్లో ఎవరూ ఇలా మాట్లాడుకోరు. ఆ ఇంట్లో మాటకు తలుపులుండవు, ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పూర్తిచేస్తారు, మధ్యలో ముసలాయన ఫోను లాక్కుని తన చెల్లెల్ని వెక్కిరిస్తాడు, వెనకనుంచి తల్లి ఆ దగ్గుకు ఆ వెక్కిరింపొకటి తక్కువైంది అంటుంది. హెడ్‌ఫోన్స్ లోపల ఆమె నవ్వుకునేది. పక్క బల్ల మనిషి ఏమైందని చూస్తే దగ్గినట్టు సర్దుకునేది.

తల్లి పోయిన రోజు కూడా డ్యూటీ తనదే. పంతులమ్మ మేనత్తకు ఫోన్ చేసి అత్తా అంది, ఆ తర్వాత ఇంకేమీ అనలేకపోయింది. అటువైపు మేనత్త కూడా ఏమీ అడగలేదు. ఇద్దరూ అలాగే ఫోను పట్టుకుని చాలాసేపు ఏడ్చారు. రాయడానికి ఒక్క మాటే ఉంది, ఏడుపు అని. ఆ ఒక్క మాట రాసి, పెడల్ మీంచి కాలు తీసేసి, తనూ ఏడ్చింది, శబ్దం రాకుండా, ఆ గదిలో అందరూ అలవాటు చేసుకున్న పద్ధతిలో. సొంత తల్లి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అప్పుడు వచ్చినవాళ్ళకు కుర్చీలు వెయ్యడంతోనే సరిపోయింది. చివర పనికొచ్చేది ఏమీ లేదు అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది గానీ, రాసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు తల్లి కుట్టు మిషన్ అమ్మేశారు. దాన్ని చూసినప్పుడల్లా అమ్మ కాళ్ళు కనిపిస్తున్నాయి అత్తా, ఇంట్లో ఉంచుకోలేను అని పంతులమ్మ చెప్పడం ఆమె విన్నది. అందుకే మొన్న మేనత్త ఫోన్ చేసి, ఏమే, కుట్టు మిషన్ బాగుచేసే అతను గురువారం సాయంత్రం చీకటి పడ్డాక వస్తానన్నాడు, ఇంట్లోనే ఉండు అన్నప్పుడు, ఆమె కుడికాలు టక్కున పెడల్ నొక్కింది. మళ్ళీ విన్నది. ఇంకోసారి విన్నది. అలాగే అత్తా అనే ముందు పంతులమ్మ వేసిన గుటక, మూడేళ్ళలో ఆవిడ గొంతులో విన్న మొదటి గుటక. ఇంట్లో లేని మిషన్‌ను బాగుచేయడానికి వచ్చేదెవరు. చిక్కుముడి విడినప్పుడు వేళ్ళకు ఎంత హాయిగా ఉంటుందో అంత హాయిగా ఉంది, ఇంకేమీ తోచలేదు, చెయ్యి దానంతటదే రాసేసింది. ఆ ఇంట్లో కుట్టు మిషన్ లేదు, వచ్చేది తమ్ముడు కావచ్చు అని. వాళ్ళ పైఅధికారిని అందరూ పెద్దచెవి అంటారు, ఆయన స్వయంగా లేచి ఆమె బల్ల దగ్గరికి వచ్చి, నీ చెవికి దండ వెయ్యాలమ్మా అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒకరు బల్ల దగ్గరికొచ్చి మెచ్చుకోవడం అదే మొదలు. మొహం వెలిగిపోతూ బస్సెక్కింది. కండక్టరు టికెట్ చింపి ఇచ్చాడు. ఆ చేతిని చూశాక గానీ గుర్తు రాలేదు. ఆ తమ్ముడితో పాటు సంఘంలో తిరిగిన కండక్టరు ఒకడిని పట్టుకెళ్ళారు, తిరిగొచ్చాక అతని చేతికి టికెట్ చింపే పట్టు కూడా లేదు. ఇంకో డ్రైవరును పట్టుకెళ్ళారు, అతను తిరిగే రాలేదు. ఆ డ్రైవరు పెళ్ళాం ఫోను కూడా తనే విన్నది. మా ఆయన ఎక్కడున్నారండీ, మీ ఆఫీసులో అడగమన్నారండీ అని ఒక్కో ఆఫీసుకూ చేసి అడుగుతూ ఉండేది, కొన్నాళ్ళకు ఆ ఫోను వినడం ఆపేయమన్నారు, పనికొచ్చేది ఏమీ లేదని. ఇంత తెలిసీ రాసింది. బస్సులో నిలబడి కమ్మీని పట్టుకుని ఆలోచిస్తే, రాసేటప్పుడు తమ్ముడన్న మాట ఒక మనిషిగా తోచనే లేదు, లెక్కకు జవాబుగా తోచింది. ఇవాళ గురువారం. చీకటి పడేసరికి ఆ వీధిలో మామూలు బట్టల్లో నలుగురు పోలీసులు నిలబడి ఉంటారు. ఒకడు బండి బాగుచేసుకుంటున్నట్టు వంగి ఉంటాడు, ఒకడు ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు ఫోను చూసుకుంటూ ఉంటాడు.

కుర్చీ కిర్రుమంది. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు, సంచీ ఒళ్ళో పెట్టుకున్న చప్పుడు, తర్వాత నర్సు చెప్పుల చప్పుడు, కళ్ళు మూసుకోండి, తెరవకండి. అలాగేనమ్మా అంది పక్క మనిషి. ఆమె కుడికాలు నేలను నొక్కింది.

తీగలోంచి వచ్చే గొంతు వేరు, పక్క కుర్చీలోంచి వచ్చే గొంతు వేరు. ఇది ఇంకాస్త లోతుగా ఉంది, చివర్లలో కొంచెం అలిసిపోయి ఉంది, ఊపిరితో కలిసి ఉంది. అయినా పొరబాటు పడే పని లేదు. లక్షమందిలో పట్టుకోగలదు. ఇంత దగ్గరగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా, సబ్బు వాసనతో, సుద్దముక్క వాసనతో. ఎన్నిసార్లు ఊహించుకుందో ఆ మొహాన్ని. ఒకసారి కోలగా, ఒకసారి గుండ్రంగా, ముక్కు మాత్రం ఎప్పుడూ తన చిన్ననాటి స్నేహితురాలి ముక్కే పెట్టేది, ఎందుకో. ఇప్పుడు కళ్ళు తెరిస్తే చాలు. తెరవొద్దంది నర్సు. తెరిచినా ఏం కనపడుతుంది, వెలుగు తప్ప. అయినా మొహం చూడాలన్న ఆశ వారం కిందటిది, మొన్నటితో అది పోయింది. ఇప్పుడు చూడటం కాదు, చెప్పడం. చెప్పాలా. పొద్దుటి నుంచి అదే. చెబితే తమ్ముడు బతికిపోతాడు, తను పోతుంది, తనతోపాటు భర్త ఉద్యోగం, కూతురి షాపు, అందరూ. చెప్పకపోతే ఏమీ కాదు. రేపు పొద్దున ఎప్పట్లాగే వెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటుంది, పంతులమ్మ మేనత్తకు ఫోన్ చేస్తుంది, అత్తా అంటుంది, తను ఏడుపు అని రాస్తుంది.

"మీకూ మండుతోందాండీ?" అంది పంతులమ్మ.

తననే అడిగింది. మూడేళ్ళలో ఆ గొంతు తనను ఒక మాట అడగడం ఇదే మొదలు. జవాబు చెప్పాలని తట్టడానికి కూడా కాసేపు పట్టింది, అలవాటు లేక.

"కాసేపేనండీ. తర్వాత గొంతులో చేదు తగులుతుంది."

"అవునండోయ్, తగిలింది." పంతులమ్మ నవ్వింది. ఆ నవ్వు తనకు కంఠతా వచ్చు, అయినా తన మాటకు వచ్చిన నవ్వు కావడం వల్లనో ఏమో, కొత్తగా వినపడింది. ఇలాగే ఇంకాసేపు కూర్చుంటే చాలనిపించింది. పిల్లి గురించి అడగాలనిపించింది. ఎవరో పెద్దాయన్ను లోపలికి పిలిచారు, కర్ర టకటకమంటూ పోయింది. ఎలా చెప్పాలో కూడబలుక్కుంటోంది. ఎవరో అనుకుంటుంటే విన్నానండీ అని మొదలుపెట్టొచ్చు. ఫలానా వీధిలో పోలీసులు తిరుగుతున్నారట అని గాలివాటుగా అనొచ్చు. పేరు చెప్పకుండా, మొహం చూపించకుండా, తనెవరో తెలియకుండా. అలా చెబితే తను మిగులుతుంది, ఆ ఇల్లు కూడా తనకు మిగులుతుంది. ఇన్నేళ్ళుగా ఇతరుల మాటలు రాసి రాసి, సొంత మాట ఒకటి కట్టుకోవడం ఇంత కష్టమని తెలియదు.

"ఎంతసేపు కూర్చోబెడతారో ఏమో. ఇంట్లో నాన్న ఒక్కరే ఉన్నారు" అంది పంతులమ్మ, తనలో తను అనుకున్నట్టు.

"మందు మార్చాక కూడా దగ్గు తగ్గలేదుగా పాపం. ఈపాటికి కాస్త కునుకు పట్టి ఉంటుందిలెండి."

అనేసింది. అనేసినట్టు కూడా తెలియలేదు, పక్కింటి మనిషి అన్నట్టు, పిన్నిగారో వదినగారో అన్నట్టు, అంత సహజంగా నోట్లోంచి జారింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పేది, నోరు మూసుకునే ఉద్యోగం చేస్తున్నాను కదా నాకేం భయమని ఆ మాటను ఎప్పుడో మర్చిపోయింది. కాలు నేలను నొక్కింది. మాట వెనక్కి రాలేదు.

నిశ్శబ్దాల్లో రకాలు ఆమెకు తెలుసు. అలిగిన నిశ్శబ్దం, ఆలోచించే నిశ్శబ్దం, పక్కన ఎవరో ఉన్నారని ఆగే నిశ్శబ్దం, అన్నిటికీ కలిపి ఆఫీసులో ఒకటే మాట రాస్తారు. ఇది వాటిలో ఏదీ కాదు. పక్క కుర్చీలో మనిషి ఊపిరి పీల్చుకుని వదలడం మానేసింది.

"మీరు మా బడిలో పిల్లల తాలూకాండీ?" అంది చివరికి. మర్యాదగా, జాగ్రత్తగా. దారి చూపించినట్టు అడిగింది. అవునండీ అంటే అయిపోయేది. మా మనవరాలు మీ దగ్గరే చదువుతోంది, తనే చెప్పింది మీ నాన్నగారికి దగ్గని అంటే, ఓ అలాగా అనేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు, చీకటి పడేది. ఆ అవునండీ ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఒక గుటక కూడా పడింది. తన గుటక తనకే వినపడింది, ఇంతమంది గొంతుల్లో విన్నదే, ఇప్పుడు తన గొంతులో. ఛీ అనిపించింది.

"కుట్టు మిషన్ బాగుచేసే ఆయన్ని ఇవాళ రావద్దనండి" అంది మెల్లగా.

"మా ఇంట్లో కుట్టు మిషన్ లేదండీ."

"తెలుసమ్మా. అమ్మగారిది. అమ్మేశారు."

కింద రోడ్డు మీద ఏదో బండి హారన్ కొట్టి కొట్టి ఆగింది. పంతులమ్మ సంచీ మీద చేతులు జరిపిన చప్పుడు. లేస్తుందనుకుంది, లేవలేదు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఇందాకటి మనిషి లేదు. చదునుగా, బడిలో హాజరు పిలిచినట్టు ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"అన్నీనా?"

"నా వంతుకు వచ్చినవి."

"అమ్మ పోయిన రోజు కూడానా?"

"ఆ రోజు నేనే ఉన్నానమ్మా." ఇక్కడ ఆగి ఉండాల్సింది. కానీ ఇంతకాలం లోపల దాచుకున్నది ఒకటుంది, ఎవరికి చెప్పుకుంటుంది, ఆ ఏడుపు తెలిసిన మనిషి లోకంలో ఈమె ఒక్కతే. ఇచ్చుకోవడానికి తన దగ్గర ఇంకేమీ లేదు కూడా. "నేను కూడా ఏడ్చాను. మీతో పాటే. చాలాసేపు."

"మీరెందుకు ఏడ్చారు?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే బాగుండేది. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి, ఇక్కడ ఈ అంకె ఎందుకు వేశావు అని అడిగినట్టు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. జవాబు కోసం ఆగింది కూడా. ఆమె వెతికింది. మీ అమ్మగారంటే నాకు ఇష్టమని అనాలనుకుంది, ఆ అమ్మగారికి తనెవరు. మీరంతా నా వాళ్ళనిపించిందని అనాలనుకుంది, ఆ మాట లోపలే కుళ్ళు వాసన వేసింది. ఇంట్లోకి కిటికీలోంచి దూరి, మంచం కింద మూడేళ్ళు పడుకుని, వాళ్ళు ఏడిస్తే తనూ ముక్కు చీదుకున్న మనిషి తను. అలాంటి మనిషి కన్నీళ్ళను ఆ ఇంటివాళ్ళు ఏం చేసుకుంటారు. తను దొంగిలించలేదనుకున్నది ఒకే ఒకటుంది ఇన్నాళ్ళూ, ఆ ఏడుపు, అది కూడా దొంగసొత్తేనని ఇప్పుడు తెలిసింది.

కుర్చీ కిర్రుమంది. ఆమె కళ్ళు తెరిచింది. వెలుగు సూదుల్లా దిగింది, నీళ్ళు కారిపోయాయి, ఎదురుగా ఒక మొహం తన మీదికి వంగి ఉంది, తనను చూడాలని ప్రయత్నిస్తోంది. కళ్ళు, ముక్కు, నోరు ఏవీ లేవు, తడి కాగితం మీద సిరా చెదిరినట్టు ఒక మసక. ఆవిడకు కూడా తన మొహం అంతే కనపడి ఉంటుంది. తర్వాత ఆ మసక వెనక్కి తిరిగింది. దూరమైన కొద్దీ కాస్త తేరుకుంది, సన్నటి మనిషి, జడ, భుజాన సంచీ, ఒక చెయ్యి గోడను తడుముకుంటూ మెట్ల వైపు. మెట్ల దగ్గర ఆగి సంచీలోంచి ఫోను తీసింది, తీసి దాన్ని చూసి, మళ్ళీ లోపల పెట్టేసింది. తమ్ముడికి కబురు పంపడానికి ఆవిడకు ఫోను లేదు ఇక. ఆ కళ్ళతో, ఆ ఎండలో, రోడ్లు దాటుకుంటూ, ఎవరి చేతికో ఎవరి నోటికో అందించాలి, చీకటి పడేలోగా. చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టూ దిగింది. ఆ చప్పుడు చెదిరిపోయేదాకా ఆమె విన్నది.

నర్సు వచ్చి ఒక నంబరు పిలిచింది, ఇంకోసారి గట్టిగా పిలిచింది. "ఈ పక్కన కూర్చున్నావిడ ఏరండీ?"

"వెళ్ళిపోయారు."

"చుక్కలు వేశాక అలా ఎలా వెళ్తారు, రోడ్డు మీద ఏమైనా అయితే ఎవరిది బాధ్యత. మీకు తెలిసినావిడా?"

"తెలియదు" అంది. గుటక పడలేదు. నర్సు సణుక్కుంటూ పోయింది.

ఒళ్ళో ఏదో బుర్రుబుర్రుమంటూ కదిలింది. ఫోను. తెర మీద ఏముందో మసకగా ఉంది, వేలితో తడిమి ఎత్తింది. కూతురు. "ఇందాకటి నుంచి రెండుసార్లు చేశాను, ఎత్తవేంటమ్మా? అయిందా?" ఇంకా లేదమ్మా అంది. ఎలా ఉంది అంది కూతురు. బాగానే ఉంది, బయట ఎండగా ఉందా, గొడుగు తెచ్చావా అంది ఆమె. ఆ మాటలు నోట్లోంచి వస్తుండగానే వాటి రుచి తెలిసింది, ఎవరో వింటున్నారని తెలిసినవాళ్ళు మాట్లాడే మాటలు. రేపటి నుంచి పంతులమ్మ కూడా మేనత్తతో ఇలాగే మాట్లాడుతుంది. ఎండల గురించి, గొడుగుల గురించి. సరే పైకొస్తున్నా అని కూతురు పెట్టేసింది, ఆమె మాత్రం ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది, తియ్యలేకపోయింది.

ఇందాకంతా ఇది ఒళ్ళోనే ఉంది. ఇద్దరి మధ్య, తెరిచిన చెవిలా. ఆఫీసులో పనిచేసేవాళ్ళ ఫోన్లు కూడా వంతులవారీగా వింటారు, ఏ వారం ఎవరి వంతో ఎవరికీ చెప్పరు. వంతు వచ్చినవాళ్ళ ఫోను మాట్లాడకపోయినా వింటుంది, జేబులో ఉన్నా వింటుంది, ఇది లోకానికి తెలియకపోవచ్చు గానీ తనకు తెలియదా. ఇన్నేళ్ళు వినేవైపు కూర్చుని, వినపడేవైపు తనూ ఉన్నానన్న సంగతే మర్చిపోయింది. ఈ వారం తన వంతో కాదో తెలియదు. తన వంతే అయితే ఆఫీసు కింది అంతస్తు గదిలో ఒక అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళే ఆ పని చేస్తారు, వాళ్ళకు పని నేర్పింది తనే. విన్నది విన్నట్టు రాయండి, మీ జాలి మీ ఇంటి దగ్గర పెట్టి రండి అని మొదటిరోజే చెప్పింది, ఆ మాటకు పిల్లలు నవ్వారు, తనూ నవ్వింది. బాగా నేర్చుకున్న పిల్ల అయితే ఈపాటికి రాయడం మొదలుపెట్టి ఉంటుంది. రాసేటప్పుడు పంతులమ్మ, తమ్ముడు, తను, ఎవరూ మనుషుల్లా తోచరు, జవాబు దొరికిందని వేళ్ళకు హాయిగా ఉంటుంది. పెద్దచెవి ఆ పిల్ల బల్ల దగ్గరికి కూడా వస్తాడు.

చుట్టూ కూర్చున్నవాళ్ళెవరూ తన వైపు చూడటం లేదు, మొహం ఇటు ఉన్నా కళ్ళు మూసుకున్నవాళ్ళే. ఫోనులో ఎవరూ లేరు. ఆమె దాన్ని నోటికి దగ్గరగా జరుపుకుంది, నిద్రపోతున్న పిల్ల చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"అమ్మాయ్, వింటున్నావా. నువ్వెవరివో నాకు తెలియదు. చీకటి పడేదాకా రాయకమ్మా. తర్వాత రాసుకో, నా పేరు కూడా రాసుకో. చీకటి పడేదాకా ఆగు, అంతే."

ఫోను చెవికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి విన్నది. అటువైపు నుంచి ఏ చప్పుడూ రాలేదు, ఇన్నేళ్ళలో తన వైపు నుంచి ఎవరికీ రానట్టే.